అండమాన్ సముద్రంలో కలిసిపోయిన విమాన సాహసి

శ్రీ విజయపురంలోని బతు బస్తీ తెలుగువారికి సముద్రం ఇరువైపులా ఉంది. పడమట ఉన్నది బంగాళాఖాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పెద్దలు ఓడలెక్కి వచ్చిన దారి అది. తూర్పున ఉన్నది అండమాన్ సముద్రం. ప్రపంచ విమానయానానికి బాటలు వేసిన సర్ చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ చివరి ప్రయాణం ఈ తూర్పు సముద్రంలోనే ముగిసింది.

ఆయన 1897 ఫిబ్రవరి 9న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జన్మించారు. పదేళ్లు నిండకముందే సిడ్నీలోని బాండై తీరంలో కెరటాలు ఆయనను లాక్కుపోగా, రక్షకులు ప్రాణాలతో ఒడ్డుకు చేర్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలిలో సైనికుడిగా పనిచేసి, ఆపై బ్రిటిష్ వైమానిక దళంలో చేరారు. 1917లో శత్రువుల కాల్పుల్లో ఎడమ పాదానికి గాయమై, కొంత భాగం తొలగించవలసి వచ్చింది. విమానం మాత్రం విడిచిపెట్టలేదు.

ఆయనకు జగత్ప్రసిద్ధి తెచ్చింది 1928 నాటి పసిఫిక్ యాత్ర. చార్లెస్ ఉల్మ్, మరి ఇద్దరు అమెరికన్ సహచరులతో కలిసి మే 31న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నుంచి ‘సదరన్ క్రాస్’ అనే మూడింజన్ల విమానంలో బయలుదేరారు. ఇంజన్ల హోరుకు ఒకరి మాట మరొకరికి వినిపించేది కాదు. కాగితాలపై రాసుకుంటూ సంభాషించారు. హవాయి నుంచి ఫిజీ వరకు దాదాపు 5,000 కిలోమీటర్లు నీరే తప్ప నేల లేదు. ముప్పై నాలుగు గంటలకు పైగా ఎగిరి, సువా పట్టణంలోని ఒక క్రీడా మైదానంలో విమానాన్ని దించారు. ఫిజీ గడ్డపై వాలిన మొదటి విమానం అదే. జూన్ 9న బ్రిస్బేన్ చేరేసరికి దాదాపు పాతిక వేల మంది ఎదురుచూస్తున్నారు.

ఈ కీర్తికి ఒక నీడ కూడా ఉంది. 1929లో ఆయన విమానం దారితప్పి ఆస్ట్రేలియా వాయవ్య ప్రాంతంలోని బురద నేలలో దిగింది. వెతకడానికి బయలుదేరిన పాత మిత్రుడు కీత్ ఆండర్సన్, ఆయన సహచరుడు బాబ్ హిచ్‌కాక్ ఎడారిలో దాహంతో మరణించారు. విచారణ సంఘం కింగ్స్‌ఫర్డ్ స్మిత్‌ను నిర్దోషిగా తేల్చినా, నింద పూర్తిగా చెరగలేదు. 1931లో ఆయన సంస్థకు చెందిన ‘సదరన్ క్లౌడ్’ విమానం ఎనిమిది మందితో అదృశ్యమైంది. సంస్థ కూడా నిలవలేదు. 1932లో సర్ బిరుదు లభించింది గానీ ఆర్థిక చింతలు తీరలేదు. సముద్రం మీదుగా ఎగిరేటప్పుడు తీవ్రమైన ఆందోళన ఆయనను పట్టి పీడించేదని జీవితచరిత్రకారులు రాశారు. అయినా ఎగరక తప్పలేదు. ఆయన చేతనైన పని అదొక్కటే.

1935 నవంబరులో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు వేగ రికార్డు కోసం ‘లేడీ సదరన్ క్రాస్’లో బయలుదేరారు. తోడుగా టామీ పెథీబ్రిడ్జ్ ఉన్నారు. అలహాబాద్ దాటి సింగపూర్ వైపు సాగుతుండగా, నవంబరు 8 తెల్లవారుజామున ఇద్దరూ విమానంతో సహా అదృశ్యమయ్యారు. కింగ్స్‌ఫర్డ్ స్మిత్ వయస్సు అప్పటికి 38 ఏళ్లు. ఇంటి వద్ద భార్య మేరీ, మూడేళ్లు నిండని కుమారుడు. గాలింపులో జాడ దొరకలేదు.

దేహం దొరకని దుఃఖం మన తీరానికీ తెలుసు. 2016 జూలై 22న చెన్నై సమీపంలోని తాంబరం నుంచి ఇక్కడికి వస్తూ 29 మందితో అదృశ్యమైన వైమానిక దళ ఏఎన్-32లో విశాఖ నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. దాని శకలాలు సముద్రంలో 3,400 మీటర్ల లోతున కనిపించినట్లు ప్రకటన వెలువడడానికి 2024 జనవరి దాకా ఆగవలసి వచ్చింది.

కింగ్స్‌ఫర్డ్ స్మిత్ విషయంలో మొదటి ఆనవాలు పద్దెనిమిది నెలలకు లభించింది. 1937 మేలో, అండమాన్ సముద్రపు ఉత్తర భాగమైన మర్తబాన్ సింధుశాఖలో, ఆయే దీవి వద్ద బర్మా మత్స్యకారులకు ఒక విమాన చక్రం దొరికింది. టైరులో గాలి ఇంకా నిలిచి ఉంది. అది ‘లేడీ సదరన్ క్రాస్’దేనని తయారీదారు లాక్‌హీడ్ సంస్థ ధ్రువీకరించింది. విమానం కనుగొన్నామని 2009లో ఒక ఆస్ట్రేలియా చిత్ర బృందం ప్రకటించినా, నిపుణులు సందేహించారు. సిడ్నీ విమానాశ్రయం నేడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆ చక్రం అదే నగరంలోని పవర్‌హౌస్ మ్యూజియం సేకరణలో ఉంది.