రాని సంచికను కనిపెట్టినవారు



ఆగస్టు 12న గ్రంథాలయ దినోత్సవం అనగానే మీరు ఎస్.ఆర్. రంగనాథన్ గారి అయిదు సూత్రాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అవి మళ్లీ చెప్పబోవడం లేదు. గ్రంథాలయంలో పత్రికలు చూసుకునే ఉద్యోగి కోసం ఆయన చేసిపెట్టిన ఒక చిన్న ఏర్పాటు ఉంది. మాకు అదంటే ఎక్కువ ఇష్టం.

రంగనాథన్ గారు 1892లో తంజావూరు జిల్లా శియాళిలో పుట్టారు. ఇంటి భాష తమిళం, చదివింది గణితం. మాటలో నత్తి ఉన్నా పాఠాలు చెప్పే ఉద్యోగమే ఎంచుకున్నారు. మంగుళూరులో మొదలుపెట్టి, కోయంబత్తూరు మీదుగా మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు చేరారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్ అయ్యారు. ఆ ఉద్యోగానికి దాదాపు 900 దరఖాస్తులు వచ్చాయట.

చేరిన కొద్ది రోజులకే ఆయనకు విసుగు పుట్టింది. విద్యార్థుల మధ్య తిరిగిన మనిషికి ఆ నిశ్శబ్దం పడలేదు. తిరిగి తీసుకోమని పాత కళాశాల ప్రిన్సిపాలును అడిగారు. (కొత్త ఊరు చేరగానే పాత బడికే పోదామని పేచీ పెట్టనివారు మీలో ఎందరున్నారు?) ముందు ఇంగ్లండు వెళ్లి గ్రంథాలయ విద్య నేర్చుకుని రమ్మని, అప్పటికీ మనసు కుదరకపోతే చూద్దామని ప్రిన్సిపాలు నచ్చజెప్పారు. వెళ్లారు. అక్కడ గ్రంథాలయాల పనితీరు చూసి 1925లో తిరిగొచ్చాక వెనక్కి పోయే మాటే ఎత్తలేదు. 1940ల నడిమి దాకా అక్కడే ఉన్నారు.

ఇక పత్రికల సంగతి. పుస్తకం ఒక్కసారి వస్తుంది. నంబరు వేసి అరలో పెడితే చాలావరకు పని అయినట్టే. పత్రిక అలా కాదు, వస్తూనే ఉండాలి. ఒక మాసపత్రిక ఏడాదికి 12 సంచికలు. జూలై సంచిక రాలేదనుకోండి. అరలో ఖాళీ ఏమీ కనిపించదు. జూన్ పక్కన ఆగస్టు వచ్చి హాయిగా కూర్చుంటుంది. ఏడాది చివర బైండింగుకు పంపేటప్పుడు లోటు బయటపడుతుంది. అప్పుడు ఉత్తరం రాస్తే ప్రతులు అయిపోయాయని జవాబు రావచ్చు. విదేశీ పత్రికలు ఓడల్లో వచ్చిన కాలం అది. పరిశోధన చేసేవారికి కావలసిన వ్యాసం సరిగ్గా ఆ సంచికలోనే ఉంటే, ఇక ఎన్నేళ్లు వెతికినా దొరకదు.

ఉతైలో సి.ఐ.ఎస్.ఎఫ్. శిక్షణ కేంద్రం నీడన ఉన్న మీకు హాజరు గురించి మేము చెప్పాలా! పేర్లు పిలిచేది రానివారెవరో తేలడానికే. రంగనాథన్ గారు పత్రికలకు అలాంటి హాజరే పెట్టారు. ప్రతి పత్రికకు మూడు కార్డులు. మొదటిది నమోదు కార్డు. ఏ సంచిక ఏ తేదీన అందింది, చందా ఎప్పుడు కట్టాం అన్నవి దాని మీద రాస్తారు. మూడోది విషయాన్ని బట్టి అమర్చేది. ఆ పత్రిక సంపుటాలు మన దగ్గర ఏవేవి ఉన్నాయో పాఠకుడికి అది చెబుతుంది.

తెలివంతా రెండోదైన తనిఖీ కార్డులో ఉంది. పెట్టెలో వారాల వారీగా అరలు ఉంటాయి. తరువాతి సంచిక ఏ వారంలో రావాలో కార్డు ఆ వారం వెనుక నిలబడుతుంది. పొద్దున టపా రాగానే ఉద్యోగి కట్టలు విప్పుతాడు, ముద్ర వేస్తాడు, నమోదు చేస్తాడు, తనిఖీ కార్డును తీసి మళ్లీ రావలసిన వారంలోకి జరుపుతాడు. వారం ముగిసేసరికి కదలకుండా మిగిలిన కార్డులే రాని పత్రికలు! వందల పత్రికలను జ్ఞాపకం పెట్టుకోనక్కరలేదు. ఆ కార్డులు చూసి, ప్రతులు అయిపోకముందే ఉత్తరాలు వేయవచ్చు. ఇప్పుడు కంప్యూటరు చేసేదీ దాదాపు ఇదే. ఇంత చేసినా, పాఠకుడికి సంచిక చేతికి అందినప్పుడు ఈ ఉద్యోగి గుర్తుకు రాడు. అందనప్పుడే వస్తాడు.

ఆయన కోలన్ వర్గీకరణను (1933) పండితులు పొగుడుతారు, మన దేశంలోనే చాలా గ్రంథాలయాలు దాన్ని వాడవు. కార్డుల పెట్టెను మాత్రం కొత్తగా చేరిన గుమాస్తా కూడా ఒక్క పూటలో నేర్చుకోగలడు. మాకు ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

మన తెలుగువారికి ఆయనతో ఇంకో చుట్టరికం ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు 1914 నుంచే గ్రంథాలయ ఉద్యమం నడిపి, దానికోసం ‘గ్రంథాలయ సర్వస్వం’ అనే పత్రికనూ తెచ్చారు. అయితే విరాళాల మీద బతికే గ్రంథాలయం ఎంతకాలం చందాలు కడుతుంది? రంగనాథన్ గారి కృషితో వచ్చిన 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలుకు దారి వేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కదా!

మద్రాసు తరువాత ఆయన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పిలుపు మీద కాశీ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి దాదాపు లక్ష పుస్తకాలను వర్గీకరించారు. ఆ పైన ఢిల్లీ, జ్యూరిక్, బెంగళూరు. దాచుకున్న సొమ్ములోంచి లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద గారి పేరు కూడా కలిపి గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠం పెట్టించారు. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు.