ఎవరో ఊదిన విజిల్

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున మన తెలుగు కుర్రాళ్ళ టెన్నిస్ బాల్ మ్యాచ్‌కి నన్ను అంపైర్‌గా నిలబెట్టారు. మోకాలి నొప్పి ఉన్నవాడికి దక్కే గౌరవం అది! బౌలర్ పరిగెత్తుకొస్తుంటే పక్క పిచ్ మీద ఎవరో నో బాల్ అని గట్టిగా అరిచారు. అది తనకే అనుకుని మా బ్యాట్స్‌మన్ గుడ్డిగా ఊపాడు, బంతి గాల్లోకి లేచింది, క్యాచ్ పట్టారు. నేను వేలెత్తాను. వాడు కదలడు. ఇంతలో ఆ జట్టు ఖర్చులన్నీ పెట్టుకునే అన్నగారు లోపలికొచ్చి, నా భుజం మీద చెయ్యేసి రెండు ముక్కలు మాట్లాడారు. డెడ్ బాల్ అని వేలు దించేశాను.

ఆదివారం ఆఫీసులో ఈ సంగతి చెబితే మా కువైటీ మేనేజరు పగలబడి నవ్వి, షేక్ ఫహద్ గురించి నీకు తెలీదా అన్నాడు. ఆసియా క్రీడల సంస్థ తొలి అధ్యక్షుడని తెలుసు, అంతే. ఆ వారమంతా ఆయన గురించే చదివాను.

షేక్ ఫహద్ అల్ అహ్మద్ అల్ సబా 1945 ఆగస్టులో పుట్టారు. తర్వాత అమీర్ అయిన షేక్ జాబర్‌కి సవతి తమ్ముడు. సైన్యంలో అధికారిగా పనిచేసినా జనం గుర్తుపెట్టుకున్నది ఆటల మనిషిగానే. అప్పటి కువైట్ జనాభా పదిహేను లక్షల లోపు, అందులో సగానికి పైగా మనలాంటి ప్రవాసులే. అంత చిన్న దేశపు ఫుట్‌బాల్ జట్టుకి బ్రెజిల్ నుంచి మొదట జగాలో, తర్వాత పరేరా కోచ్‌లుగా వచ్చారు. 1980లో సొంతగడ్డ మీద దక్షిణ కొరియాని 3-0తో ఓడించి ఆసియా కప్ గెలిచారు. 1982లో స్పెయిన్‌లో జరిగిన ప్రపంచ కప్‌కి వెళ్ళారు. గల్ఫ్ అరబ్ దేశాల్లో అంతవరకు ఎవరూ వెళ్ళలేదు. మొదటి మ్యాచ్‌లోనే చెకోస్లొవేకియాతో 1-1 డ్రా!

జూన్ 21న వాయడొలిడ్ నగరంలో ఫ్రాన్స్‌తో రెండో మ్యాచ్. ఫ్రాన్స్ 3-1తో ముందుంది, ఆట చివరికొచ్చింది. జనంలోంచి విజిల్ వినపడింది. రిఫరీయే ఊదాడనుకుని కువైట్ ఆటగాళ్ళు ఆగిపోయారు. జిరెస్ ఆగలేదు, గోల్ కొట్టాడు. సోవియట్ రిఫరీ మిరోస్లావ్ స్తుపార్ గోల్ ఇచ్చేశాడు. కువైట్ జట్టు గొడవకి దిగింది. పైన గ్యాలరీలో కూర్చున్న షేక్ ఫహద్ చేతులు ఊపారు. చూసినవాళ్ళకి అది బయటికి వచ్చేయండి అన్నట్టే కనిపించింది. తర్వాత ఆయనే స్వయంగా మైదానంలోకి దిగి రిఫరీతో మాట్లాడారు. స్తుపార్ గోల్ రద్దు చేశాడు. ఈసారి ఫ్రాన్స్ కోచ్ హిడాల్గో మండిపడ్డాడు, ఆయన్ని పోలీసులు ఆపాల్సి వచ్చింది. చివర్లో బోసిస్ ఇంకో గోల్ కొట్టడంతో ఎలాగూ 4-1 అయింది. ఫహద్‌కి జరిమానా పడింది. స్తుపార్‌కి ప్రపంచ కప్‌లో మరో మ్యాచ్ దక్కలేదు.

తమాషా ఏమిటంటే రూలు పుస్తకం చూస్తే రద్దు చేయడం మరీ అన్యాయమేమీ కాదు. ప్రేక్షకుల విజిల్ ఆటని దెబ్బతీసిందని రిఫరీకి అనిపిస్తే ఆట ఆపి డ్రాప్ బాల్‌తో మొదలుపెట్టమంటాయి ఇప్పటి ఫుట్‌బాల్ నిబంధనలు. మన క్రికెట్‌లోనూ అంతే, అవుట్ కాకపోయినా అయ్యాననుకుని బ్యాట్స్‌మన్ వెళ్ళిపోతుంటే అంపైర్ వెనక్కి పిలవాలి. నిర్ణయం మార్చుకోవచ్చు కూడా, కాకపోతే వెంటనే మార్చుకోవాలి. బేస్‌బాల్‌లో అంపైర్ తప్పు సైగ చేస్తే అందరు అంపైర్లూ ఒకచోట చేరి చర్చించుకుంటారు. స్తుపార్ గోల్ ఇవ్వకముందే విజిల్ సంగతి ఆలోచించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదేమో. రాజకుటుంబీకుడు దిగొచ్చాక మార్చాడు, అదీ చిక్కు. నా వేలు గుర్తొచ్చింది.

అయితే ఫహద్‌ని ఆ ఒక్క సాయంత్రంతోనే కొలవడం నాకు నచ్చలేదు. అదే ఏడాది నవంబరులో, మన ఇళ్ళలోకి కలర్ టీవీని తెచ్చిన ఢిల్లీ ఏషియాడ్‌కి కాస్త ముందు, ఆసియా ఒలింపిక్ కౌన్సిల్ ఢిల్లీలోనే ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు ఆయనే, కేంద్ర కార్యాలయం కువైట్‌లో. ఆ క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో కువైట్ 0-1తో ఓడింది. ఎవరి చేతిలోనంటారా? ఇరాక్ చేతిలో.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున అదే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అమీర్ అప్పటికే సౌదీ వైపు బయల్దేరారు. ఫహద్ మాత్రం దస్మాన్ ప్యాలెస్ దగ్గర జరిగిన పోరులో చనిపోయారు. ఇంకో ఎనిమిది రోజులుంటే నలభై అయిదు నిండేవి. ఆ సెప్టెంబరులో బీజింగ్ ఏషియాడ్ అధ్యక్షుడు లేకుండానే జరిగింది, ఇరాక్‌ని ఆడనివ్వలేదు.

కువైట్ టవర్స్‌కి పిల్లల్ని తీసుకెళ్తే ఆ ప్యాలెస్ పక్కనుంచే వెళ్తాం. నేనూ ఏడేళ్ళుగా వెళ్తున్నాను. పోయిన వారం మాత్రం కారు కాస్త నెమ్మదిగా నడిపాను. వెనకాల ఎవరో హారన్ కొట్టారు, నన్నే అనుకుని పక్కకి తప్పుకున్నాను.