అనాగారిక ధర్మపాల: వసతి పాఠశాల నుండి కలకత్తా విహారం దాకా

కలకత్తాలో కాలేజీ స్క్వేర్ చెరువు పక్కన, పుస్తకాల అంగళ్ల సందడికి అతి చేరువలో, శ్రీ ధర్మరాజిక చైత్య విహారం ఉన్నది. అక్కడ పూజలందుకొనే బుద్ధధాతువు మన ఆంధ్రదేశపు భట్టిప్రోలు స్తూపం నుండి వెలువడినదని తెలిసినప్పుడు తెలుగు యాత్రికుని హృదయం పులకించక మానదు. 1892లో అలెగ్జాండర్ రే జరిపిన త్రవ్వకాలలో ఆ స్తూపగర్భాన బ్రాహ్మీ లిపి లేఖనాలు గల కరండాలు బయటపడినవి. తన పుట్టినచోటును విడిచివచ్చిన ఆ ధాతువుకు కలకత్తాలో నిలువనీడ కల్పించిన మహనీయుడు అనాగారిక ధర్మపాల. అనాగారికుడనగా ఇల్లు లేనివాడు. ఆయన ఆ పేరును యౌవనంలో తనంతట తానే స్వీకరించారు. కాని ఇల్లు విడిచి బ్రతకడమంటే ఏమిటో అంతకు చాలాముందే, బాల్యంలోనే, ఒక వసతి పాఠశాలలో చవిచూశారు.

ఆయన 1864 సెప్టెంబరు 17న కొలంబోలో జన్మించారు. తండ్రి డాన్ కరోలిస్ హేవావితారణ గృహోపకరణాల వర్తకుడు. తల్లి మల్లిక మహాభక్తురాలు. సంధ్యవేళ దీపం వెలిగించి, పూలు సమర్పించి, త్రిశరణ పంచశీలాలు పఠించే ఆ ఇంటిలో బాలుడు తల్లి ఒడిలోనే ధర్మాన్ని విన్నాడు. తొమ్మిదేళ్ల ప్రాయంలో తండ్రి అతనిని విహారానికి తీసుకొనిపోయి ఒక అహోరాత్రం బ్రహ్మచర్య వ్రతం పట్టించి, పెట్టినదానితో తృప్తిపడాలనీ, నిద్రను జయించాలనీ బోధించాడు. ఆ ఒక్కరోజు దీక్ష కొడుకు జీవితమంతటికీ విస్తరిస్తుందని ఆ తండ్రి ఆనాడు ఊహించి ఉండడు.

అయితే ఆ బౌద్ధ గృహంలో పుట్టిన బిడ్డ పేరు డేవిడ్. సింహళం ఆంగ్లేయుల ఏలుబడిలో ఉన్న ఆ కాలంలో కొలువు కావాలన్నా, గౌరవం కావాలన్నా ఆంగ్ల విద్య అవసరం. ఆ విద్య ప్రధానంగా క్రైస్తవ మిషనరీల చేతిలో ఉండేది. అందువలన సంపన్న బౌద్ధులు సైతం పిల్లలకు బైబిలు పేర్లు పెట్టి, మిషను బడులకు పంపేవారు. ఇందులో తల్లిదండ్రుల దోషం లేదు. బిడ్డకు చదువు దక్కాలంటే వారి ముందున్న ద్వారం అదే.

1876 ప్రాంతంలో డేవిడ్‌ను కొలంబోకు సమీపంలోని కోట్టెలో ఉన్న మిషనరీ వసతి పాఠశాలలో చేర్పించారు. దూరం కొద్ది మైళ్లే. కాని ఆ బాలునికి అది మరొక లోకం. తెల్లవారగానే ప్రార్థనకు హాజరు కావాలి. బైబిలులోని కాండాలకు కాండాలు, నాలుగు సువార్తలు కంఠస్థం చేయాలి. ఇంట్లో తల్లి పఠించిన గాథలకు అక్కడ చోటు లేదు. ఒక ఆదివారం అతడు చతురార్య సత్యాలను గురించిన చిన్న పుస్తకాన్ని చదువుకొంటుండగా ఉపాధ్యాయుడు చూసి, దానిని లాగుకొని బయటకు విసిరివేశాడు. మరొకప్పుడు ఒక బోధకుడు తుపాకితో చెట్టుమీది పక్షిని కూల్చడం బాలుడు కన్నులారా చూశాడు. ప్రాణిహింస చేయనని నిత్యం వల్లించే ఇంటినుండి వచ్చిన పిల్లవాని మనసులో ఆ పక్షి నేలకూలిన దృశ్యం చెరగలేదు.

అన్నిటికన్నా లోతుగా నాటుకొన్నది సహాధ్యాయి మరణం. విద్యార్థులనందరినీ ఆ శవం చుట్టూ చేర్చి ప్రార్థించమన్నారు. డేవిడ్ కన్నులు మూసుకొనలేదు. మృతుని ముఖాన్ని, చుట్టూ నిలిచిన మిత్రుల ముఖాలను పరికించాడు. అందరి ముఖాలలోనూ భయమే కనిపించింది. ఈ ప్రార్థన భయం నుండి పుట్టుతున్నదని అతనికి ఆ క్షణాన తోచింది. అమ్మ చేయి పట్టుకొనడానికి అందుబాటులో లేనిచోట, ఒక బాలుడు మృత్యువును సూటిగా చూసి కారణాన్ని వెదకినాడు. బౌద్ధం కోరే మొదటి సాహసం అదే కదా.

దాదాపు రెండున్నర సంవత్సరాల తరువాత తండ్రి అతనిని కోట్టె నుండి తప్పించాడు. 1878లో కొలంబోలోని సెయింట్ థామస్ పాఠశాలలో చేర్చారు. అక్కడ వైశాఖ పూర్ణిమనాడు సెలవు కోరితే అధికారి నిరాకరించాడు. బాలుడు గొడుగు తీసుకొని, పుస్తకాలు చంకన పెట్టుకొని, బడినుండి నడిచిపోయాడు. మరునాడు బెత్తపు దెబ్బలు తిన్నాడు. మరుసటి ఏడూ అదే జరిగింది. ఆపై ఏడూ అదే. దెబ్బ తగులుతుందని తెలిసీ పండుగను విడువని ఆ పట్టుదలలో ద్వేషం కనబడదు. తన ఇంటి జ్ఞాపకాన్ని వదులుకొనరాదన్న నిశ్చయం మాత్రమే కనబడుతుంది. బైబిలును అతడు తిరస్కార భావంతో మూసివేయలేదు. క్షుణ్ణంగా చదివాడు, ప్రశ్నించాడు, పెద్దయిన తరువాత వాదాలలో ఆ చదువును వినియోగించుకొన్నాడు.

1880లో కర్నల్ ఆల్కాట్, బ్లావట్‌స్కీ సింహళానికి వచ్చి పంచశీలాలు స్వీకరించడంతో అక్కడి బౌద్ధులలో కొత్త ఊపిరి పుట్టింది. 1883 ఈస్టరునాడు కొలంబోలోని కొటహేనలో బౌద్ధుల ఊరేగింపుపై దాడి జరుగగా తండ్రి కుమారుని మిషను చదువు మాన్పించాడు. 1884 చివర డేవిడ్ బ్లావట్‌స్కీ వెంట మద్రాసులోని అడయారుకు వచ్చాడు; పాళీ భాష నేర్చుకొని మానవసేవ చేయవలసిందన్న ఆమె హితవును శిరసావహించాడు. తరువాత ప్రభుత్వ గుమాస్తా పనికి స్వస్తి చెప్పి, ఆల్కాట్‌తో కలిసి ఎద్దుబండిలో ఊరూరా తిరిగి బౌద్ధ పాఠశాలల కోసం నిధులు పోగుచేశాడు. తాను పోగొట్టుకొన్నది మరొక పిల్లవాడు పోగొట్టుకొనరాదన్న తపన ఆ ప్రయాణాలకు ఇంధనమైనదని చెప్పడం అతిశయోక్తి కాదు. డేవిడ్ ధర్మపాలగా మారినది ఆ సంవత్సరాలలోనే.

1891 జనవరి 22న ఆయన బుద్ధగయ చేరారు. బోధివృక్షం చెంతనున్న ఆలయపు నిరాదరణ చూసి చలించి, ఆ స్థలాన్ని బౌద్ధులకు తిరిగి సంపాదించే కార్యానికి జీవితాన్ని అంకితం చేశారు. అదే సంవత్సరం మే 31న కొలంబోలో మహాబోధి సభ ఏర్పడింది. అక్టోబరులో ఆయన కలకత్తాలోని ఆల్బర్టు హాలులో ప్రసంగించారు. 1892లో సభ కార్యస్థానం కలకత్తాకు చేరింది. ఆ ఏడు మే నెలనుండి మహాబోధి పత్రిక వెలువడసాగింది. కలకత్తా ఆయనకు మొదట పరాయి ఊరే. నీల్‌కమల్ ముఖర్జీ అనే వంగ గృహస్థు తన ఇంట ఆశ్రయమిచ్చి ఆదరించాడు. తన ఇంటికి దూరమైనవానికి పరుల ఇంటి ఆదరణ ఎంత విలువైనదో వసతి పాఠశాలలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

1893లో చికాగో సర్వమత మహాసభకు వెళ్లి వచ్చే దారిలో హొనొలులు రేవులో మేరీ ఫాస్టర్ పరిచయమైంది. ఆమె దానశీలమే తరువాతి నిర్మాణాలకు ఆధారమైంది. 1915లో సింహళంలో జరిగిన అల్లర్ల తరువాత ప్రభుత్వం ధర్మపాలను కలకత్తా దాటిపోనీయక నిర్బంధించింది. ఆ సంవత్సరమే ఆయన తమ్ముడు ఎడ్మండ్ జాఫ్నా కారాగారంలో మరణించాడు. కడచూపుకైనా వెళ్లలేకపోయిన అన్నకు ఆ నగరం మరొకసారి గోడలున్న వసతిగృహమైంది. అయినా ఆయన ఆ సంవత్సరాలను శోకానికి విడిచిపెట్టలేదు. 1920 నవంబరులో ధర్మరాజిక విహారం వెలసింది. భట్టిప్రోలు ధాతువు అందులో ప్రతిష్ఠితమైంది.

ధర్మపాలకు సంసారం లేదు. కాని పిల్లలు లేకపోలేదు. సింహళం నుండి బాల సామణేరులను భారతదేశానికి రప్పించి చదివించారు. వారిలో కొందరు శాంతినికేతనంలో విద్యనభ్యసించారు. దేవప్రియ వలిసింహ బాల్యంలోనే ఆయన చెంతకు చేరి, కలకత్తాలో పెరిగి, చదువుకొని, గురువు అనంతరం మహాబోధి సభ ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఈ పిల్లలూ ఇంటికి దూరంగానే పెరిగారు. అయితే వారి చేతిలోని ధర్మపుస్తకాన్ని ఎవరూ విసిరివేయలేదు. పూర్ణిమనాడు దీపం పెట్టినందుకు ఎవరూ బెత్తం ఎత్తలేదు. ధర్మపాల తన బాల్యానికి చెప్పిన సమాధానం ఇదే.

1931లో సారనాథ్‌లో మూలగంధకుటీ విహారాన్ని ప్రారంభించి, 1933 జనవరిలో ఉపసంపద పొంది, ఆ ఏడే ఏప్రిల్ 29న ఆయన అక్కడే కన్నుమూశారు. ధర్మప్రచారం కోసం భారతదేశంలోనే ఇరవైయైదు మార్లు జన్మించాలని కోరుకొన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ అంబేద్కర్ త్రిశరణాలు స్వీకరించిన మహాసభలో దేవప్రియ వలిసింహ కూడా ఉన్నారు. కలకత్తాలో ఒక అనాగారికుడు పెంచిన బాలుడు మన దీక్షకు సాక్షిగా నిలిచాడు.

మనలో ఎందరో హాస్టళ్లలో పెరిగినవారమే. పెట్టె చేతబట్టుకొని, గేటు దగ్గర నాన్న వెనుదిరిగి వెళ్లడాన్ని చూసినవారమే. నేడు మన బిడ్డలను కూడా చదువు కోసం దూరం పంపుతున్నాము. పంపక తప్పదు, పంపాలి కూడా. కాని పెట్టెలో బట్టలతోపాటు ఏమి పెడుతున్నామన్నది మల్లికమ్మ జీవితం మనలను అడుగుతున్న ప్రశ్న. ఆమె కుమారుని వెంట పంపినది సంధ్యవేళ విన్న నాలుగు గాథలే. ఆ గాథలు కోట్టె గోడలను దాటి, కలకత్తాలో విహారమై నిలిచినవి.