కార్మిక నేత శ్రీ వి.వి. గిరి జీవితం – నిరుద్యోగానికి రెండు లెక్కలు

నెల్లూరు: పూర్వ రాష్ట్రపతి, భారతరత్న శ్రీ వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలోని తెలుగు కుటుంబంలో జన్మించారు. 1913లో న్యాయశాస్త్ర అధ్యయనానికి డబ్లిన్ వెళ్ళి, 1916లో తిరిగివచ్చి రైల్వే కార్మికోద్యమంలో ప్రవేశించారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి మద్రాసు ప్రభుత్వంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక శాఖ మంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. యుద్ధ విధుల నుండి విడుదలైన సైనికుల కొరకు 1945లో ఏర్పడిన ఉపాధి కార్యాలయాలు ఆయన శాఖ పరిధిలోనివే. వాటి భవితవ్యంపై నియమితమైన శివరావు కమిటీ సిఫారసు మేరకు 1956 నవంబరులో దైనందిన నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ అయింది. అప్పటికి శ్రీ గిరి మంత్రిగా లేరు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లోనే రాజీనామా చేశారు.

ఉపాధి కార్యాలయ లైవ్ రిజిస్టరులో పేరు నమోదు స్వచ్ఛందం. పనిలో ఉంటూ మెరుగైన ఉద్యోగం కోరువారు అందులో ఉంటారు. పని లేకున్నా నమోదు కానివారు ఉండరు. ఆ సంఖ్యను నిరుద్యోగుల సంఖ్యగా వ్రాయుట పత్రికలలోనే కాక ప్రభుత్వ ప్రకటనలలోను తరచు కనిపించే పొరపాటు.

శ్రీ గిరి 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి ఎన్నికయ్యారు. నిరుద్యోగ అంచనాల లోపాలపై దంత్‌వాలా కమిటీ 1970లో నివేదిక సమర్పించింది. తదనుగుణంగా జాతీయ నమూనా సర్వే 1972–73లో జరిపిన 27వ విడతలో ఇంటింటి విచారణ ద్వారా సాధారణ, వార, దినవారీ స్థితులను వేర్వేరుగా కొలిచారు.

పశ్చిమ నెల్లూరులోని ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాలలో ఈ భేదం సుస్పష్టం. వారంలో మూడు దినములే కూలి దొరికిన వ్యక్తి సాధారణ, వార స్థితులలో ఉద్యోగి. దినవారీ లెక్కలో మాత్రమే అతని ఖాళీ దినములు నిరుద్యోగంగా నమోదవుతాయి. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే మహిళకు ఆర్డర్లు తగ్గినా అదే పరిస్థితి. ఇట్టివారు జిల్లా కేంద్రానికి వెళ్ళి పేరు నమోదు చేయించుకొనుట అరుదు.

శ్రీ గిరి 1975లో భారతరత్న పొంది, 1980 జూన్‌లో మద్రాసులో పరమపదించారు. దరఖాస్తుల లెక్కకు, సర్వే లెక్కకు గల అంతరం ఆయన అనంతరమూ తొలగలేదు. 2018 అక్టోబరులో రాష్ట్రం నెలకు రూ.1,000 నిరుద్యోగ భృతి ప్రారంభించినప్పుడు వయస్సు, విద్యార్హతల నిబంధనలు ఉండెను. చదువులేని కూలీ అందులో చేరలేదు. 2019లో ఆ పథకం నిలిచినందున లబ్ధిదారుల జాబితా ముగిసెనే కాని నిరుద్యోగం ముగియలేదు. నమూనా సర్వేలు మండల స్థాయి అంచనాలు ఇవ్వవు. కావున ఉదయగిరి, ఆత్మకూరు మండలాల పేరిట వెలువడే నిరుద్యోగుల సంఖ్య ఏ రిజిస్టరు నుండి వచ్చినదో విలేకరులు విచారించగలరు.