అరటిపండ్లు అమ్మబోయిన అబ్బాయి

కడుపుతో ఉన్న ఆడపిల్లకి డాక్టరమ్మ ముందుగా రాసిచ్చే వాటిలో ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒకటి. మా తంగళ్ళపల్లిలో అయినా, మానేరు వంతెన దాటి సిరిసిల్ల వెళ్ళినా అదే మాత్ర. బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా రూపు కట్టడానికని చెబుతారు. వేసుకుంటాం, మర్చిపోతాం. ఆ మందును ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద ఒక తెలుగాయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనంటే నాకు చాలా గౌరవం, కాస్త కోపం కూడా. కోపం సంగతి తర్వాత చెబుతాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగోక ముందుగానే ఉద్యోగం మానేశారు. ఇల్లు గడవడమే గండంగా ఉండేది. పదమూడేళ్ళ వయసులో ఈ అబ్బాయికి ఓ ఆలోచన వచ్చింది. కాశీ పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బోలెడు డబ్బు సంపాదించాలని! ఇంట్లోంచి పారిపోయాడు కూడా. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూచోబెట్టింది. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. ఆ తల్లి నగలు అమ్మి మరీ చదివించింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. కొన్నాళ్ళకి రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుంటానన్నాడు. ఆవిడ ససేమిరా అంది. అలా డాక్టరు చదువులో పడ్డాడు. వెంకమ్మగారు ఒక్కసారి మెత్తబడి ఉంటే మనకి సుబ్బారావు ఉండేవారు కాదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ క్లాసుకి వెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసరుకి అది కంటగింపయింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి శుష్కించిపోయే జబ్బది. ఈయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

1919లో శేషగిరితో పెళ్ళయింది. 1922లో, మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేసిన సాయంతో అమెరికా ఓడెక్కారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో ఊడ్చి కడిగే పని.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు. రక్తంలో, కండలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండను పరీక్షిస్తుంటే లెక్క కుదరలేదు. ఏదో ఒక భాస్వరం పదార్థం కండ పనిచేసినప్పుడు విడిపోతోంది, విశ్రాంతిలో మళ్ళీ తయారవుతోంది. 1927లో దాన్ని పట్టేశారు. ఫాస్ఫోక్రియాటిన్. అదే ఏడాది ఇంగ్లండులో ఎగుల్‌టన్ దంపతులు కూడా విడిగా అదే దారిలో అక్కడికే చేరారు.

దీనితో మనకేం పని అంటారా? కరెంటు పోతే మా ఊళ్ళో మరమగ్గం ఆగిపోతుంది, వస్తే మళ్ళీ నడుస్తుంది. మెదడు కణానికి అలా ఆగే వీల్లేదు. ఫాస్ఫోక్రియాటిన్ దానికి ఇన్వర్టరు లాంటిది, శక్తి తగ్గగానే అందిస్తుంది. కండకే కాదు, మెదడుకీ అది కావాలి. క్రియాటిన్‌ని మన ఒళ్ళే తయారు చేసుకుంటుంది. ఆ తయారీకి కావలసిన జన్యువులో లోపం ఉంటే, పుట్టినప్పుడు బాగానే కనిపించిన బిడ్డకి నెలలు గడిచే కొద్దీ ఎదుగుదల మందగిస్తుంది. మాటలు రావు, ఫిట్స్ వస్తాయి. అలాంటి ఒక లోపాన్ని జర్మనీ వైద్యులు 1994లో మొదటిసారి గుర్తించారు. జీఏఎంటీ లోపం అంటారు. స్కానింగులోనే ఒక ప్రత్యేక పద్ధతిలో చూస్తే మెదడులో క్రియాటిన్ ఉండాల్సినచోట దాదాపు ఖాళీ! మందు ఏమిటంటే, క్రియాటిన్ పొడే. దానికి తోడు ఆహారంలో కొన్ని మార్పులు. పుట్టిన కొద్ది రోజుల్లోనే మొదలుపెడితే బిడ్డ దాదాపు అందరిలాగే ఎదుగుతుంది. ఆలస్యమైతే జరిగిన నష్టం పూర్తిగా పూడదు. అమెరికాలో 2023లో ఈ లోపాన్ని పుట్టిన పిల్లలకు చేయాల్సిన పరీక్షల జాబితాలో చేర్చారు. మన దేశంలో పిల్లలందరికీ ఆ పరీక్ష లేదు.

మన దగ్గర పిల్లవాడికి మూడేళ్ళొచ్చినా మాట రాకపోతే మేనమామ పోలికనో, మగపిల్లలంతేననో సర్దేస్తాం. చాలామంది విషయంలో అది నిజమే కావచ్చు. కానీ మాటతో పాటు నడకా వెనకబడి, ఫిట్స్ కూడా వస్తుంటే పిల్లల నరాల డాక్టరుకి చూపించి, మూత్రం, రక్తం పరీక్షల గురించి అడగడంలో తప్పేముంది? ఇంకో మాట. జీఏఎంటీ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో జన్యువు వస్తేనే బయటపడుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. బిడ్డకేమైనా అయితే కోడలి గర్భాన్నే తిట్టే అత్తమ్మలకు ఇది వినిపించాలని నాకుంటుంది.

ఇక సుబ్బారావుగారి కథకొస్తే, హార్వర్డు ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడే 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందయింది, అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకి. బోదకాలుకి వాడే హెట్రాజాన్, ఆరియోమైసిన్, పిల్లల రక్త క్యాన్సరు మీద మొదట పనిచేసిన మందు, అన్నీ ఆ ప్రయోగశాలవే. ఆ ఫోలేటు కూడా మెదడులోకి వెళ్ళాలంటే ఒక ద్వారం ఉండాలి. జన్యులోపంతో ఆ ద్వారం మూసుకుపోయిన పిల్లలుంటారని 2009లో తేలింది. రక్తంలో ఫోలేటు నిండుగా ఉన్నా వాళ్ళ మెదడు పస్తుంటుంది. మామూలు మాత్ర పనికిరాదు, ఫోలినిక్ యాసిడ్ అనే ఇంకో రూపం ఇస్తారు.

ఇప్పుడు నా కోపం సంగతి. ఆయన ఓడెక్కాక శేషగిరికి కొడుకు పుట్టాడు. తొమ్మిది నెలలకే పోయాడు. ఆ బిడ్డని తండ్రి ఒక్కసారైనా చూడలేదు. ఇరవయ్యారేళ్ళలో ఆయన మళ్ళీ ఇండియాకి రాలేదు. డబ్బు లేదనీ, పని వదల్లేదనీ, అమెరికా చట్టాలనీ ఎన్ని కారణాలు చెప్పుకున్నా నాకు మనసొప్పదు. ఎన్నో ఇళ్ళలో పిల్లల్ని బతికించిన మనిషి ఇల్లది.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. యాభై మూడేళ్ళు. శేషగిరికి ఆ కబురు సముద్రం దాటి వచ్చింది.