ఓమ్ నేర్పిన నిలకడ

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. నిరుడు మా ఊరి భజన మందిరంలోని 12 వోల్టుల ఆంప్లిఫయర్ మూగబోతే, బి.యస్సీ. చదువుతున్నానని ఆ పని నా నెత్తిన పెట్టారు. ఊడిన టంకం అతికించాను. పరీక్ష చేయడానికి, బుడ్డలమ్మిన డబ్బులో నాయన ఇచ్చిన 500 రూపాయలతో చిన్న ట్రాన్స్‌ఫార్మరు, 4 డయోడ్లు, ఒక కెపాసిటరు కొని పవర్ సప్లయి కట్టాను. తగిలిస్తే ‘బొయ్’మని ఒకటే రొద. బోర్డు పోయింది, కొత్తది కొనాల్సిందేనని పెద్దలకు చెప్పేశాను. పాపం, చందాలు కూడా ఎత్తారు.

కాలేజీలో మా ఫిజిక్సు సారు మీటరు పెట్టి చూడమన్నారు. చూద్దును కదా, ఖాళీగా 17 వోల్టులు చూపే నా సప్లయి, పాట పెట్టగానే 11కి జారుతోంది! తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు, నాది. అప్పుడే, అంతవరకు సూత్రంగా మాత్రమే తెలిసిన జార్జ్ సైమన్ ఓమ్ జీవితాన్ని చదివాను.

ఆయన 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో జన్మించాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. సొంతంగా గణితం, శాస్త్రం నేర్చి కొడుకులకు చెప్పాడు. పదేళ్లకే తల్లి పోయింది. విశ్వవిద్యాలయంలో చేరిన ఓమ్ నాట్యం, బిలియర్డ్స్ వెంట తిరుగుతుంటే తండ్రి కోపగించి చదువు మాన్పించాడు. (ఈ ముక్క మనలో కొందరికి తగులుతుంది!) స్విట్జర్లాండులో పంతులు పని చేస్తూ సొంతంగా చదువుకొని, తిరిగివచ్చి 1811లో డాక్టరేటు పొందాడు.

1817లో కొలోన్ నగరంలో ఉపాధ్యాయుడయ్యాడు. తండ్రి దగ్గర నేర్చిన చేతిపనితో పరికరాలు తానే చేసుకున్నాడు. తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుందన్నది ఆయన ప్రశ్న. కానీ ఆనాటి బ్యాటరీ వాడుతుండగానే నీరసించేది. అందుకే 1825లో ప్రకటించిన సూత్రం సరికాలేదు. పోగెండార్ఫ్ అనే పత్రికా సంపాదకుని సలహాతో బ్యాటరీని వదిలి, బిస్మత్, రాగి జతను తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీటి వేడిలో, రెండోది మంచులో. ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారవు, కాబట్టి వోల్టేజీ కూడా మారదు. 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా 8 రాగి తీగలను కొలిచి, 1826లో తన తప్పును తానే దిద్దుకున్నాడు.

1827లో ఆయన గ్రంథం వెలువడితే స్వదేశంలో ఆదరణ కరువైంది. ఉద్యోగం వదిలి, కొన్నేళ్లు చాలీచాలని బతుకు బతికాడు. 1833లో న్యూరెంబర్గ్‌లో కొలువు దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకమిచ్చింది. మన చెవి కలగలిసిన ధ్వనిని సరళ స్వరాలుగా విడదీసి వింటుందని 1843లో ప్రతిపాదించాడు. మ్యూనిక్‌లో ఆచార్య పదవి దక్కేసరికి 1852 వచ్చింది. 1854 జూలై 6న కన్నుమూశాడు. ఇవాళ స్పీకరు వెనుక ‘8 ఓమ్‌లు’ అని ఉండేది ఆయన పేరే.

ఇక నా సంగతి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, 4700 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 7812 రెగ్యులేటరు వేసి సప్లయి మళ్లీ కట్టాను. చేన్లలో బోరు మోటార్లు ఆడుతున్నా 12 వోల్టులు కదలలేదు. రొద పోయింది. చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ పోయి, తప్పు నాదని చెప్పి డబ్బు వాపసిచ్చాను. సిగ్గేసింది. లోకమంతా చూస్తుండగా ఓమ్ దిద్దుకున్నాడు, మా ఊళ్లో నేను దిద్దుకోలేనా అనుకున్నాను.

మిత్రులారా! ఎదుటిదాన్ని తప్పుపట్టే ముందు, మన ఆధారం నిలకడగా ఉందో లేదో ఒక్కసారి కొలిచి చూసుకుందాం.