నవాబు సాలార్‌జంగుగారి గడియారములు

వాడుకలోనున్నంత కాలము ప్రతి పరికరమునకును ఇంటిలో గౌరవము కలదు. అంతకంటె మేలైనది వచ్చిన మరునాడే అది అటకమీదికి పోవును. మరికొన్ని సంవత్సరములకు ఇత్తడి ఇత్తడిగాను, ఇనుము ఇనుముగాను తూకమునకు అమ్ముడుపోవును. తాతలనాటి గోడగడియారము, వైద్యుని చిన్న త్రాసు, భూములు కొలుచు గొలుసు, ఇవియన్నియు ఈ త్రోవనే పోయినవి. పరికరముతోపాటు దానిని నిర్మించిన వాని ఆలోచనయు నశించుచున్నదని తలచువారు మిక్కిలి అరుదు. అట్లు నశింపనీయక దేశదేశముల వస్తువులను వేలకొలదిగా కూర్చి, వానిలో కాలమును కొలుచు యంత్రములకు ప్రత్యేక స్థానమిచ్చిన ప్రభువొకరు హైదరాబాదున నుండిరి. ఆయనయే నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ బహద్దరుగారు. లోకము ఆయనను మూడవ సాలార్‌జంగని పిలుచును.

ఈ వంశము నిజాము సంస్థానమున మంత్రిపదవికి పేరుపడినది. యూసుఫ్ అలీఖాన్‌గారి తాత మీర్ తురాబ్ అలీఖాన్‌గారు మొదటి సాలార్‌జంగు. ఆయన 1853వ సంవత్సరము మొదలు 1883వ సంవత్సరమున మరణించువరకు ముప్పది యేండ్లు దివానుగానుండి, అప్పులలో మునిగియున్న సంస్థానమును ఒడ్డునకు చేర్చిరి. భూమిశిస్తు వసూలును, న్యాయస్థానములను, పాఠశాలలను ఒక క్రమమునకు తెచ్చిరి. 1876వ సంవత్సరమున యూరపుఖండమునకు పోయినప్పుడు ఆయన రోమునగరమున కొన్న ముసుగు రెబెకా యను పాలరాతి ప్రతిమ నేటికిని చూపరులను ఆశ్చర్యపరచుచున్నది. తండ్రి మీర్ లాయఖ్ అలీఖాన్‌గారు రెండవ సాలార్‌జంగు. ఆయనయు కొంతకాలము దివానుగానుండిరి. కావున మంచి వస్తువులను గుర్తించు అభిరుచి మన నవాబుగారికి తాతనాటినుండి వచ్చిన సొత్తని చెప్పవచ్చును.

నవాబుగారు 1889వ సంవత్సరము జూన్ నెల 13వ తేదీన పూనానగరమున జన్మించిరి. మన నెక్కొండమీదుగా పోవు ఇనుపదారి బెజవాడకు చేరినదియు ఆ సంవత్సరముననే. శిశువు పుట్టి నెల తిరుగకముందే తండ్రి కాలధర్మము నొందెను. ఊయెలలోని బిడ్డకు గొప్ప జాగీరును, పెద్ద పేరును మిగిలినవి కాని, తండ్రి చేయి మిగులలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారు ఆ బాలుని బాగోగులను కనుగొనుచుండిరి. బాలుడు యుక్తవయస్కుడగువరకు జాగీరు వ్యవహారములను ప్రభుత్వమే నడిపెను. నవాబుగారు నిజాము కళాశాలలో విద్య నభ్యసించిరి.

1912వ సంవత్సరమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌గారు ఆయనను దివానుగా నియమించిరి. అప్పటికి నవాబుగారి వయస్సు ఇరువదిమూడేండ్లు మాత్రమే. తాత ముప్పది సంవత్సరములు మోసిన బరువును మనుమడు రెండు సంవత్సరములకు పైగా మోసి, 1914వ సంవత్సరమున విడిచిపెట్టిరి. ఇరువదియైదేండ్లకే అధికారము చేతినుండి జారిన ప్రభువులు అనేకులు తక్కిన కాలమును వేటలోను, విందులలోను గడపియుందురు. నవాబుగారు వివాహమాడలేదు. మిగిలిన ముప్పదియైదేండ్ల జీవితమును, జాగీరు ఆదాయములో గొప్ప భాగమును, వస్తుసేకరణమునకే అంకితము చేసిరి.

ఆయన నివాసము దివాన్ దేవిడి యను పాతకాలపు మేడ. దేశవిదేశముల వర్తకులు తమ సరకులతో ఆ గుమ్మము త్రొక్కుచుండిరి. నవాబుగారును యూరపునకు ప్రయాణము చేసి అచ్చటి అంగళ్లలో వస్తువులను ఏరి కొనుచుండిరి. చిత్రములు, ప్రతిమలు, పింగాణి పాత్రలు, పచ్చరాతి పనులు, దంతపు పనులు, ఆయుధములు, తివాచీలు ఒకదాని వెంట నొకటి గదులను నింపినవి. వ్రాతప్రతులు వేలకొలదిగా చేరినవి. వానిలో మతగ్రంథములు, కావ్యములే కాక గణితము, ఖగోళము, వైద్యము మొదలగు శాస్త్రముల గ్రంథములును కలవు. ఈ సేకరణములో విద్యార్థులు ఎక్కువగా గమనింపదగినది గడియారముల భాగము. ఏలయన, తక్కిన వస్తువులు కంటికి ఇంపును కలిగించును. గడియారము మనుష్యుని బుద్ధి నడచిన దారిని చూపును.

ఆ దారి ఎట్టిదో కొంచెము చెప్పుకొందము. మన పూర్వులు అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై తేలవిడిచి, అది నిండి మునుగుటకు పట్టు కాలమును ఒక గడియ యనిరి. మన లెక్కప్రకారము అది 24 నిమిషములు. గడియారమను మాటయే ఆ గడియనుండి పుట్టినది. యూరపున బరువులతోను, పండ్లచక్రములతోను నడుచు యంత్రములు వచ్చినవి గాని, అవి రోజునకు పావుగంటవరకు తప్పుచుండెను. 1656వ సంవత్సరమున హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ గడియారమునకు లోలకమును తగిలించెను. లోలకము పొడవు మారనంతకాలము దాని ఊపునకు పట్టు సమయము దాదాపు మారదు. బరువు క్రిందికి దిగుచు చక్రములను త్రిప్పజూచును. లోలకము ఊగినప్పుడెల్ల ఒక కొక్కెము చక్రపు పంటిని పట్టి, ఒక్కొక్కటిగా విడుచును. ఆ పట్టువిడుపుల చప్పుడే మనము వినుచున్న టిక్కుటిక్కు. ఈ చిన్న ఉపాయముచే రోజునకు నిమిషములలోనుండిన తప్పు సెకండ్లలోనికి దిగినది.

సాలార్‌జంగుగారి సేకరణములో ఈ చరిత్రయంతయు కన్నుల యెదుట నిలుచును. మనిషియెత్తు కొయ్యపెట్టెలలో నిలిచిన గడియారములు కలవు. అట్టి గడియారములకు అంత పొడవేల యని పిల్లలు అడుగుదురు. సెకండునకొక ఊపు ఊగవలెనన్న లోలకము సుమారు ఒక మీటరు పొడవుండవలెను. అందుచేతనే ఆ పెట్టె అంత ఎత్తు. బల్లమీద నుంచు గడియారములు కలవు. వానిలో బరువు దిగుటకు చోటులేదు గనుక, చుట్టిన ఉక్కు స్ప్రింగు ఆ పనిని చేయును. పంజరములో పక్షియున్నట్లు చేసిన గడియారములు కలవు. భూతద్దముతో చూడవలసినంత చిన్నవియు కలవు. అన్నిటికంటె పాఠశాల విద్యార్థికి ఉపయోగించునవి అస్థిపంజర గడియారములు. వానికి పైకప్పు లేదు. ఏ చక్రము ఏ చక్రమును త్రిప్పుచున్నదో అద్దముగుండ స్పష్టముగా కనబడును. పుస్తకములో పది పుటలు చదివినను పట్టుబడని సంగతి వాని యెదుట పది నిమిషములు నిలిచిన పట్టుబడును.

గడియారము వైద్యునికిని సాధనమైనది. ఇంగ్లాండు దేశమున జాన్ ఫ్లాయర్ అను వైద్యుడు రోగి నాడిని లెక్కించుటకు సరిగా ఒక నిమిషము నడుచు గడియారమును చేయించి, 1707వ సంవత్సరమున దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అంతకుముందు నాడి వేగము వైద్యుని అనుభవమునకు మాత్రమే తెలియుచుండెను. అటుపిమ్మట అది అంకెగా కాగితముమీదికి ఎక్కినది. ఆసుపత్రిలో నర్సు రోగి మణికట్టును పట్టుకొని గడియారమువంక చూచు అలవాటునకు అదియే మొదలు.

నవాబుగారి గడియారములలో ప్రజలకు మిక్కిలి ప్రియమైనది సంగీత గడియారము. దాని భాగములు ఇంగ్లాండున తయారైనవి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీవారు దానిని కూర్చిరి. అందు 350కి పైగా భాగములు కలవు. గంట కొట్టుటకు మూడు నిమిషముల ముందు గడ్డముగల ఒక బొమ్మ తలుపు తెరచుకొని వెలుపలికి వచ్చి, సమయమైనంతనే గంటను మ్రోగించి, మరల లోనికి పోవును. వేరొక ప్రక్క కమ్మరి బొమ్మ సెకండునకొకసారి సమ్మెటతో కొట్టుచుండును. పండ్రెండు గంటల వేళ పన్నెండు దెబ్బలను చూచుటకు పెద్దలు, పిల్లలు గుంపుగూడి నిలుచుందురు. వేలకొలది ప్రజలను ప్రతిదినము ఇంత నిశ్శబ్దముగా కూర్చుండబెట్టు గురువు వేరొకరు లేరు.

ఇట్లు సమకూర్చిన నవాబుగారు 1949వ సంవత్సరము మార్చి 2వ తేదీన పరమపదించిరి. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరి అప్పటికి ఆరు నెలలు కూడ కాలేదు. నవాబుగారికి సంతానము లేదు. ఈ వస్తువులు తమ తరువాత ఎవరికి చెందవలెనో తేల్చు ఏర్పాటును ఆయన చేసిపోలేదు. దూరబంధువులు పలువురు వారసులమని ముందునకు వచ్చిరి. పంపకము జరిగియుండిన యెడల గడియారమొక యింటికి, దాని బీరువా మరియొక యింటికి, వ్రాతప్రతి వేలమునకు పోయెడివి. ముప్పదియైదేండ్ల శ్రమ మూడు మాసములలో చెదరియుండెడిది.

ఈ సందర్భమున అదే నగరపు మరియొక ప్రభువు చేసిన పనిని తలచుకొనుట మంచిది. నవాబు జఫర్ జంగుగారు 15 అంగుళముల కటకముగల గొప్ప దూరదర్శినిని గ్రబ్ కంపెనీవారియొద్ద తెప్పించి, 1901వ సంవత్సరమున ఫిసల్‌బండలోని తమ స్థలమున వేధశాలను స్థాపించిరి. అంతటితో ఆగక, దానికి నిజాము పేరు పెట్టుటకు అనుమతింపవలెననియు, తమ మరణానంతరము ప్రభుత్వమే దానిని స్వీకరింపవలెననియు ముందుగానే విన్నవించుకొనిరి. 1907వ సంవత్సరమున ఆయన మరణింపగా, మరుసటి సంవత్సరమే ప్రభుత్వము దానిని స్వీకరించినది. నిజామియా వేధశాల యను పేర అది బేగంపేటకు మారి, ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీయుటకు ప్రపంచ దేశములు పూనిన మహాకార్యమున తన పాలు నిర్వర్తించినది. ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను లెక్కించి అచ్చువేసినది. 1919వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఒక విన్నపపత్రము ఒక దూరదర్శినిని కాపాడినది.

సాలార్‌జంగుగారి వస్తువులకు అట్టి పత్రము లేకపోయినందున, ఇతరులు పండ్రెండేండ్లు పాటుపడవలసివచ్చెను. ప్రభుత్వము జాగీరు ఆస్తి నిర్వహణమునకై ఒక కమిటీని నియమించినది. కళావిమర్శకులగు జేమ్స్ కజిన్స్‌గారి సహాయమున దివాన్ దేవిడిలోనే వస్తువులను క్రమపరచిరి. 1951వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు ఆ ప్రదర్శనశాలను తెరచిరి. 1958వ సంవత్సరమున వారసులు రాజీకి సమ్మతించి, సేకరణమును భారత ప్రభుత్వమునకు వదలుకొనిరి. 1961వ సంవత్సరమున పార్లమెంటు శాసనముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయైనది. 1968వ సంవత్సరమున మూసీనది దక్షిణపు టొడ్డున కట్టిన క్రొత్త భవనమునకు మారినది. తమ వాటాను వదలుకొన్న ఆ వారసుల పేర్లను సందర్శకులు ఎరుగరు. కాని వారి సమ్మతియే లేనిచో, చూచుటకు అచ్చట ఏమియు నుండెడిది కాదు.

చదువరులలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. ఇంత ధనమును బొమ్మలకును గడియారములకును వెచ్చించుట న్యాయమా? జాగీరు ఆదాయమనగా రైతు చెల్లించిన శిస్తు కదా! ఆ రైతు ఇంటిలో గడియారము లేదు. ఆతని బిడ్డకు బడి లేదు. ఈ ప్రశ్న సరియైనదే, దీనిని కప్పిపుచ్చరాదు. నవాబుగారి జీవితకాలమున దీనికి సమాధానము దొరకదు. ఆయన తరువాత దొరకినది. రైతు శిస్తుతో కొన్న గడియారము రైతు మనుమని యెదుట గంట కొట్టుచున్నది. దేవిడి లోపలనే యుండిపోయిన యెడల అది అప్పుగా మిగిలియుండెడిది. ప్రజల దైనందున ఆ అప్పు కొంతవరకైనను తీరినది.

విద్యార్థులారా, నెక్కొండలో రైలెక్కినవారికి హైదరాబాదు దూరము కాదు. అచ్చటికి పోయినపుడు బొమ్మ గంట కొట్టుటను మాత్రమే చూచి తిరిగిరావలదు. గడియారమును ఎవరు చేసిరి, ఏ దేశమున చేసిరి, దానిని నడుపునది బరువా స్ప్రింగా యని విచారింపుడు. మీ యిండ్లలో తాతలనాటి త్రాసో, కొలపాత్రయో, ఆగిపోయిన గడియారమో యుండిన, దానిని తూకమునకు వేయకముందు ఒక చిన్న చీటి వ్రాసి కట్టుడు. అది ఎవరిది, ఏ కాలమునాటిది, దేనికి వాడిరి అను మూడు మాటలు చాలును. తల్లిదండ్రులారా, మీకు తెలిసిన దానిని బిడ్డలకు చెప్పి ఆ చీటిని మీరే వ్రాయింపుడు. వస్తువు ఎంత విలువైనదైనను, దాని కథ తెలిసినవారు పోయిన పిమ్మట అది వట్టి లోహమే. సాలార్‌జంగుగారు వస్తువులను ప్రేమతో కూర్చిరి. ఇతరులు జాగ్రత్తతో నిలిపిరి. ఈ రెండు పనులలో మొదటిది ధనవంతులకే సాధ్యము. రెండవది మనలో ప్రతివారికిని సాధ్యమే.